ఆదివారం క్లాసులో ఒక్కడే అబ్బాయి

ఇంట్లో వాణ్ణి చిన్నోడు అనేవారు. బళ్ళో కీచురాయి అనేవారు. పదహారేళ్ళు నిండినా వాడి గొంతు మారలేదు. తోటి పిల్లల గొంతులన్నీ ఒక్కొక్కటిగా బొంగురుపోయి, తర్వాత లావెక్కి, పెద్దవాళ్ళ గొంతులైపోయాయి. వీడిది మాత్రం సన్నగా అలాగే ఉండిపోయింది. ఫోనెత్తితే అవతలివాళ్ళు "ఏమ్మా, నాన్నగారున్నారా?" అని అడిగేవారు. వాడు కాదనకుండా "ఉన్నారండీ" అని ఫోను నాన్నకిచ్చేవాడు.

కింద నాన్న ఫ్రిజ్జుల రిపేరు షాపు, పైన వాళ్ళుండే రెండు గదులు. తలుపులూడిన ఫ్రిజ్జులు మెట్లదాకా నిలబడి ఉండేవి. వాటి మధ్య పక్కకి తిరిగి నడిస్తేగానీ పైకెళ్ళడం కుదరదు. అమ్మ రెండు వీధులవతల లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ దగ్గర పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ చేతులు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉండేవి. వాటిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. అక్క ఒక నర్సింగ్‌హోములో నర్సు. పగలు డ్యూటీ అయితే రాత్రి, రాత్రి డ్యూటీ అయితే పగలు, ఎప్పుడో ఒకప్పుడు గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. అలసిపోయామని చెప్పుకోడానికి కూడా వంతులు వేసుకోవాల్సిన ఇల్లు అది. అందులో చిన్నోడి వంతు ఎప్పుడూ ఆఖరుకే వచ్చేది.

వాడికో స్నేహితుడుండేవాడు. చిన్న క్లాసుల నుంచీ ఒకే బెంచీ, ఒకే దారి. ఒకరోజు బడి వదిలాక పెద్ద వాన పట్టుకుంది. ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. స్నేహితుడు ఒకమ్మాయి గురించి ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. చెప్పడం అయ్యాక, "నీ సంగతేంట్రా? నువ్వెప్పుడూ ఎవరి పేరూ ఎత్తవు" అన్నాడు.

వాన చప్పుడులో ఏమన్నా కలిసిపోతుందనిపించిందో ఏమో, చిన్నోడు చెప్పేశాడు. "నాకు అమ్మాయిలంటే అలా ఏం అనిపించదురా. అబ్బాయిలంటేనే."

"ఛ, ఊరుకో."

"నిజంగానే."

స్నేహితుడు కాసేపు వాన వైపు చూశాడు. "సర్లే, ఎవరికీ చెప్పన్లే" అన్నాడు.

ఒక్కడికే చెప్పాడట. ఆ ఒక్కడూ ఒక్కడికే చెప్పాడట. మర్నాడు మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి క్లాసులో తెలియనివాళ్ళు లేరు.

అక్కణ్ణుంచి మొదలైంది. సంచీ వెతుక్కుంటే టాయిలెట్లో దొరికేది. మెట్లమీద వెనకనుంచి ఎవరిదో భుజం తగిలేది. వెనక్కి తిరిగితే అందరూ పైకప్పు చూస్తుండేవారు. కలప అడితి యజమాని కొడుకు ఒకడుండేవాడు, వయసుకి మించిన మనిషి. వాడికి ఒక ఆట దొరికింది. చిన్నోడి వెనకగా వచ్చి, మోచేతి మడతలో మెడ ఇరికించుకుని, దూడని తోలినట్టు వరండా అంతా తిప్పేవాడు. "కీచురాయీ, ఏదీ, ఒకసారి కియ్యిమను" అనేవాడు. వాడి వెనక ఇంకో ముగ్గురు. కొన్నాళ్ళకి ఆ ముగ్గురిలో ఒకడు చిన్నోడి స్నేహితుడే అయ్యాడు. వాడు మెడ పట్టుకోలేదు, మాటా అనలేదు. నవ్వాల్సినప్పుడు నవ్వేవాడు, అంతే.

చిన్నోడు ఎదురుతిరగలేదు. దారులు మార్చాడు. బడికి ఒక దారి, ఇంటికి ఇంకో దారి. ఏ మలుపులో ఎవరుంటారు, ఏ గది ఖాళీగా ఉంటుంది, ఏ టీచరు తలుపు తీసి ఉంచుతారు, ఇవన్నీ పొద్దున్నే లెక్కలేసుకునేవాడు. పాఠం మొదలయ్యేసరికే బుర్ర అరిగిపోయి ఉండేది. మార్కులు పడిపోయాయి. "ఈమధ్య ధ్యాస ఎక్కడుంటోందిరా?" అని అమ్మ అడిగితే, "నిద్ర చాలట్లేదు" అనేవాడు. అది అబద్ధమేం కాదు.

అన్నిటికంటే కష్టమైంది బడిలో టాయిలెట్‌కి వెళ్ళడం. లోపలికి వెళ్తే తలుపు బయటనుంచి మూసేసేవారు. అందుకని వెళ్ళడం మానేశాడు. వెళ్ళకుండా ఉండాలంటే నీళ్ళు తాగకూడదు. అందుకని పొద్దున్న లేచింది మొదలు సాయంత్రం ఇంటికొచ్చేదాకా నీళ్ళు ముట్టడం మానేశాడు. పెదాలు పగిలిపోయాయి. సీసా నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొచ్చేది. రాగానే దాన్ని సింకులో ఒంపేసేవాడు.

చివరికి జ్వరం వచ్చింది. నడుము దగ్గర నొప్పి, మూత్రంలో మంట. అక్క చెయ్యి పట్టుకుని తన నర్సింగ్‌హోముకే తీసుకెళ్ళింది. డాక్టరు పరీక్షలు రాసి, "నీళ్ళు బాగా తాగుతావా బాబూ?" అన్నాడు. చిన్నోడు తలూపాడు. అక్క వాడి పెదాల వైపు చూసింది.

మందుల కౌంటరు పక్కన బెంచీ మీద కూచోబెట్టి అడిగింది. "నీళ్ళెందుకు తాగట్లేదురా?"

"దాహం వెయ్యట్లేదు."

"నేను పొద్దస్తమానం రోగుల్ని చూస్తానురా. నాకు చెప్పకు ఇలాంటి కబుర్లు. నైట్ డ్యూటీ చేసొచ్చాను, నిలబడ్డానికి ఓపిక లేదు. తిన్నగా చెప్పు."

చెప్పాడు. తలుపులు, మెట్లు, మెడ, అన్నీ. ఎందుకు చేస్తున్నారో మాత్రం చెప్పలేదు. అక్క వింటూ వింటూ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు వాడు. చెంపల మీద తడి చూశాక పోలేదని తెలిసింది.

"నాన్నకి చెప్దామా?"

"నాన్న వచ్చి ఏం చేస్తారు? వాళ్ళ నాన్నతో దెబ్బలాడతారా?"

నాన్న ఎవరితోనైనా దెబ్బలాడటం వాళ్ళిద్దరిలో ఎవరూ ఊహించుకోలేకపోయారు. ఫ్రిజ్జుకి గ్యాసు పట్టించినా చల్లబడట్లేదని ఎవరైనా అరిస్తే, తప్పు తనది కాకపోయినా "మళ్ళీ చూస్తానండీ" అనే మనిషి ఆయన.

ఆ నర్సింగ్‌హోములో ఆదివారం మధ్యాహ్నాలు, పేషెంట్లు కూచునే హాల్లో కుర్చీలు గోడకి జరిపి, ఆడవాళ్ళకి ఆత్మరక్షణ క్లాసులు పెట్టారు. రాత్రిపూట ఇళ్ళకెళ్ళే నర్సులూ ఆయాలూ గొడవచెయ్యగా చెయ్యగా మేనేజరు ఒప్పుకున్నది ఆ హాలొక్కటే. చెప్పేది ఒక రిటైరైన ఆడజైలు వార్డరు. మోకాలి ఆపరేషనైంది కాబట్టి ఆవిడ కుర్చీలోంచి లేచేది కాదు. చేతికర్రతో చూపిస్తూ చెప్పేది. అక్క వెళ్ళి అడిగింది. ఆవిడ చిన్నోణ్ణి పైనుంచి కిందదాకా చూసి, "నలుగురూ కలిసి కొడుతున్నారంటున్నావ్ కదా. ఇంక మగాడైతేనేం? రమ్మను" అంది.

ఇంట్లో విషయం తెలిసి నాన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఆడాళ్ళ క్లాసుకా?"

"ఊళ్ళో ఇంకో క్లాసు లేదు నాన్నా" అంది అక్క.

నాన్న మళ్ళీ స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

మొదటి ఆదివారం మేడమ్ చెప్పిన మాట ఒకటే. "గెలవడం నాకు రాదు, నేర్పను. బయటపడటం నేర్పుతా. బయటపడ్డాక పరిగెత్తండి. వెనక్కి తిరిగి చూసి డైలాగులు కొట్టకండి."

చిన్నోడికి జోడీగా ఒక లావుపాటి ఆయా వచ్చింది. వార్డులో మంచాలు జరిపీ జరిపీ ఇనప చేతులు ఆవిడవి. వెనకనుంచి వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించింది. బిగిస్తూనే, "నొప్పెడుతోందా నాయనా? పొద్దున్నేమైనా తిన్నావా?" అని అడుగుతోంది. మేడమ్ చేతికర్రతో నేలమీద కొట్టింది. "గొంతు నొక్కేవాడు టిఫినయిందా అని అడగడమ్మా! గట్టిగా పట్టుకో." హాల్లో అందరూ నవ్వారు. చిన్నోడు కూడా నవ్వాడు. ఆ మోచేతి మడతలోనే, ఊపిరాడక దగ్గుతూ. నవ్వి చాలా రోజులైందని వాడికి అప్పుడే తట్టింది.

పట్టు విడిపించుకునే విధం వినడానికి తేలికే. ముందు గడ్డం వాళ్ళ మోచేతి మడతలోకి తిప్పాలి, గాలి ఆడుతుంది. రెండు చేతులతో మణికట్టు పట్టి కిందికి గుంజాలి. ఒక కాలు వాళ్ళ వెనక్కి వేసి, మోకాళ్ళు వంచి, వాళ్ళ వైపుకే తిరుగుతూ తల వెనక్కి లాక్కోవాలి. చెయ్యబోతే తల ప్రాణం తోకకొచ్చేది. కాలు గుర్తుంటే గడ్డం మర్చిపోయేవాడు, గడ్డం గుర్తుంటే చేతులు. వాడొక్కడే కాదు, అందరిదీ అదే తంతు. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సులు వంతు వచ్చేదాకా గోడకానుకుని కునుకు తీసేవారు. ఒకావిడైతే పట్టులో ఉండగానే ఆవలించింది. ఎవరూ ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు. అలసిపోయినవాళ్ళకి అంత తీరికుండదు.

కొన్ని వారాలకి పట్టు విడిపించుకోవడం వచ్చింది గానీ అరుపు రాలేదు. మేడమ్ పద్ధతిలో విడిపించుకుంటూనే అరవాలి. కడుపులోంచి, పక్కవీధికి వినపడేలా. నర్సులు అరిచేవారు, ఆయా అరిస్తే పై అంతస్తులో పేషెంట్లు కిందికి ఫోన్ చేసేవారు. చిన్నోడు నోరు తెరిచేవాడు, శబ్దం వచ్చేది కాదు.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక మేడమ్ ఆపింది. "ఎందుకు అరవవు?"

"నా గొంతు బాగోదు మేడమ్."

"పాట పాడమన్నానా?"

"అది వింటేనే వాళ్ళకి ఇంకా సరదా. అరిపించడానికే పట్టుకుంటారు."

ఆవిడ చేతికర్ర పక్కన పెట్టింది. మోకాలు రాసుకుంటూ కూచుంది. తర్వాత మెల్లిగా, "నువ్వన్నది నిజమే కావచ్చు. నవ్వుతారు. కానీ ఒరే బాబూ, వాళ్ళు నలుగురు. ఒకడి చెయ్యి విడిపించుకుంటావ్, మిగతా ముగ్గురి సంగతేంటి? జనం రావాలి. జనం రావాలంటే వినపడాలి. ఇంకో దారుంటే చెప్పేదాన్నే. నాకు తెలీదు" అంది.

ఆవేళ ఇంటికి నడుస్తూ అక్కకి చెప్పాడు, ఎందుకు వెంటపడుతున్నారో. వానలో చెప్పిన మాటే చెప్పాడు. అక్క నడక ఆపలేదు. కూరల దుకాణం దాటారు, తాళాల షాపు దాటారు.

"ఏమైనా అను" అన్నాడు.

"ఏమనాలో తెలీట్లేదురా. కొంచెం అనుమానం ఉండేది. అదీ లేదంటే అబద్ధం." ఇంకొంచెం నడిచాక, "అమ్మకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"ఎవరం చెప్పొద్దు."

"సరే" అంది. ఇల్లు వచ్చేముందు వాడి సంచీ తీసుకుని తన భుజానికి వేసుకుంది. ఎందుకో తనకే తెలియనట్టుంది.

పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం, బడిగోడ వెంట టైర్ల షాపుకి వెళ్ళే సందులో నలుగురూ ఎదురయ్యారు. చిన్నోడు వెనక్కి తిరిగేలోపే అడితి కుర్రాడి చెయ్యి మెడమీద పడింది. ఒకడు సంచీ లాగాడు. "కియ్యిమను, వదిలేస్తా" అన్నాడు అడితి కుర్రాడు. స్నేహితుడు గోడపక్కన నిలబడ్డాడు, నేల చూస్తూ.

భయంతో వాడికి మొదట ఏదీ గుర్తురాలేదు. తర్వాత గడ్డం తనంతట తనే తిరిగింది. కాలు వెనక్కి పడింది. ఆయా చేతులకంటే ఈ చెయ్యి మెత్తగా ఉందనిపించింది. తల బయటికొచ్చేసింది. పట్టు తప్పిన అడితి కుర్రాడు తూలి, మోచెయ్యి గోడకి కొట్టుకుని కూలబడ్డాడు. సంచీ ఇంకా రెండోవాడి చేతిలోనే ఉంది. మూడోవాడు దారికి అడ్డొచ్చాడు.

అప్పుడు చిన్నోడు అరిచాడు.

ఎలాంటి అరుపంటే, టైర్ల షాపులో గాలి కొట్టే మెషీను మోతని దాటి వినపడింది. జిరాక్స్ షాపావిడ చేతిలో కాగితాలతోనే బయటికొచ్చింది. టైర్లాయన ఇనపరాడ్డు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "ఎవరమ్మా? ఎవరిని ఏం చేశారు?" అని అమ్మాయి కోసం చుట్టూ వెతికాడు. అమ్మాయి లేదు. నలుగురి మధ్య సన్నటి కుర్రాడొకడు కళ్ళు మూసుకుని ఇంకా అరుస్తూనే ఉన్నాడు. జిరాక్స్ ఆవిడ భుజం తట్టి, "చాల్లే నాన్నా, వచ్చాం కదా" అంటేగానీ ఆపలేదు. అప్పటికి సంచీ నేలమీదుంది. పట్టుకున్నవాళ్ళు లేరు.

రెండ్రోజులకి ప్రిన్సిపాల్ కబురంపాడు. అడితి కుర్రాడి మోచేతికి కట్టు, పక్కనే వాళ్ళ నాన్న. చిన్నోడి తరఫున నాన్న వచ్చాడు, షాపు బట్టల్లోనే, గోళ్ళలో నల్లటి మడ్డితో.

"మీవాడు కుస్తీలు నేర్చుకుని పిల్లల చేతులు విరుస్తున్నాడండీ" అన్నాడు అడితి యజమాని.

"నలుగురు పట్టుకున్నారని మావాడంటున్నాడు సార్" అన్నాడు నాన్న ప్రిన్సిపాల్‌తో.

ప్రిన్సిపాల్‌కి ఈ గొడవ తొందరగా తెమిలితే చాలు. "పిల్లలన్నాక తోసుకుంటారు. అసలు ఎందుకొచ్చింది గొడవ?" అని అడిగాడు.

కట్టు కట్టుకున్న కుర్రాడు, "వాడు అలాంటోడు సార్" అన్నాడు.

"అలాంటోడంటే?" నాన్న నిజంగా అర్థంకాకే అడిగాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రిన్సిపాల్ బల్లమీద పెన్ను సర్దుకున్నాడు. ఆ నిశ్శబ్దం ఎవరో ఒకరు పూరించేదాకా ఉంటుందనీ, పూరించేది ఆ కుర్రాడే అయితే ఏ మాట వాడతాడో అనీ చిన్నోడికి తెలుసు. "నేను గే, నాన్నా" అన్నాడు. "నాకు అబ్బాయిలంటే ఇష్టం. అందుకని పట్టుకుంటారు."

నాన్న చేతుల వైపు చూసుకున్నాడు. చాలాసేపటికి ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "అందుకని మెడ పట్టుకోవచ్చా సార్? అలా ఉందా ఇక్కడ?" అన్నాడు. గొంతు పెంచలేదు. మళ్ళీ చూస్తానండీ అనే గొంతుతోనే అన్నాడు.

ఇద్దరికీ హెచ్చరిక అన్నాడు ప్రిన్సిపాల్. అంతటితో పంచాయతీ ముగిసింది.

దారంతా నాన్న రెండడుగులు ముందే నడిచాడు. షాపు ముందు ఆగి, "మీ అమ్మకి తెలుసా?" అన్నాడు. లేదన్నాడు చిన్నోడు. "నాకు టైమ్ పడుతుందిరా. ఎంతో నాకూ తెలీదు" అని, లోపలికెళ్ళి సగం విప్పిన ఫ్రిజ్జు వెనక కూచున్నాడు.

టైమ్ చాలానే పట్టింది. అమ్మ ఏడ్చింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంది. ఏ డాక్టరు అని అక్క గొంతు చించుకుంది. "వాడికేం జబ్బు లేదమ్మా, జబ్బు చేసింది నీళ్ళు తాగక!" అని ఇల్లు అదిరేలా అరిచింది. కొన్ని నెలలు భోజనాల దగ్గర గిన్నెల చప్పుడే తప్ప మాటలుండేవి కావు. నాన్న వాడితో మాట్లాడాల్సి వస్తే గోడతో చెప్పినట్టు చెప్పేవాడు.

బళ్ళో చెయ్యి వెయ్యడం ఆగింది. నవ్వు ఆగలేదు. ఇప్పుడు వాళ్ళకి ఇంకో ఆట దొరికింది. ఆ అరుపుని అచ్చం దింపేవారు, వరండా ఆ చివరనుంచి ఈ చివరికి. మొదట్లో చెవులు కాలిపోయేవి. పోను పోను అదీ ఫ్యాను చప్పుడులా అయిపోయింది. స్నేహితుడు ఒకరోజు గేటు దగ్గర ఆపి, "సారీరా, ఒక్కడికే చెప్పాను, ఒట్టు" అన్నాడు. చిన్నోడికి తిట్టాలనిపించలేదు, క్షమించాలనీ అనిపించలేదు. "సరే" అని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకోలేదు.

ఆదివారాలు మాత్రం బడి అయిపోయేదాకా వదల్లేదు. కొత్తగా చేరినవాళ్ళకి జోడీగా మేడమ్ వాణ్ణే పంపేది. తర్వాత ఆవిడ రెండో మోకాలూ పాడైంది. క్లాసులు ఆగిపోయాయి. ఆ హాల్లో స్కానింగ్ మెషీను పెట్టారు.

చిన్నోడు ఇప్పుడు పెద్ద ఊళ్ళో ఉంటున్నాడు. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే వర్క్‌షాపులో పని. గొంతు చివరికి కాస్త దిగింది, అనుకున్నంత కాదు. బేకరీలో పనిచేసే ఒకతనితో కలిసి ఒక గది తీసుకున్నాడు. అతనిది తెల్లవారుజాము డ్యూటీ, వీడిది మధ్యాహ్నం డ్యూటీ. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ నిద్రలోనే ఉంటారు. రెండోవాళ్ళు చప్పుడు కాకుండా నడుస్తారు. నాన్న ఒకసారి ఒక పాత ఫ్రిజ్జు బాగుచేసి వ్యానులో వేసుకొచ్చాడు. బేకరీ అతనితో కలిసి మెట్లమీదుగా మోసి, వెనక గోడకి ఎంత దూరం ఉంచాలో, ఐసు పేరుకుంటే ఏం చెయ్యాలో అతనికే చెప్పాడు. పేరడగలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

అమ్మ ఆదివారం ఫోన్ చేస్తుంది. లాండ్రీలో ఎవరికి ఒంట్లో బాగోలేదో, అక్క కూతురికి ఎన్ని పళ్ళొచ్చాయో చెప్తుంది. చెప్పి చెప్పి, "మరి నాతో ఇస్త్రీ చేసే ఆవిడ తమ్ముడి కూతురొకతి ఉందిరా" అంటుంది.

"వద్దమ్మా."

"చూడ్డానికి బాగుంటుంది."

"అమ్మా."

"సరేలే" అంటుంది ఆవిడ. "అడగడం నా పని, అడిగాను." తర్వాత, "ఆ అబ్బాయి లేచాడా? లేవకపోతే లేపకు, పడుకోనీ. పాపం ఎప్పుడనగా లేచుంటాడో" అని ఫోను పెట్టేస్తుంది. వచ్చే ఆదివారం మళ్ళీ ఇస్త్రీ ఆవిడ తమ్ముడి కూతురి సంగతి ఎత్తుతుంది. వాడు మళ్ళీ వద్దంటాడు. ఇద్దరికీ ఓపిక తక్కువే గానీ, ఫోను మాత్రం మానలేదు.